దారానికీ పలకకీ మధ్య

తాడేపల్లిగూడెంలో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠం చెబుతాను. బరువు పెడితే ఇనప పలక ఎంత వంగుతుందో లెక్కగట్టడం అందులో ఒకటి. మార్కులు తేలిగ్గా వచ్చే పాఠం. దాని మీద నాకు అసహ్యం పుట్టింది మా ఊళ్లో, కొల్లేటి గట్టు మీద.

మా అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. ఏలూరు తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. వానలకు చేపల చెరువు గట్టు తెగి దారి పోయింది, ఒక విడత తప్పింది. ఒళ్లంతా నీరు పట్టి, ఆటోలో కూర్చుని ఆయాసపడుతోంది. ఈ పూట కూడా తప్పితే అక్క దక్కదు. ఆటో దాటడానికి గండి మీద వేద్దామంటే ఊళ్లో దొరికింది తుప్పు పట్టిన పలక ఒక్కటే.

ఫోన్‌లో లెక్క వేశాను. ఆగుతుందని వచ్చింది. ఎవరిని నమ్మించడానికి? లెక్కలో అంచులు కదలవు, ఇక్కడ అంచుల కింద బురద. మందం సగమైతే వంపు ఎనిమిదింతలు. తుప్పు ఎంత తినేసిందో ఎవరు చెప్పాలి? నా చదువు తగలెయ్య!

గండి మీద పలక వేయించి, అటూ ఇటూ పుల్లలు పాతి, పలక పైభాగాన్ని ఆనుకునేలా దారం బిగించాను. పలక మీద ఆటో బరువుకు సరిపడా చేపల మేత బస్తాలు పేర్పించాను. దారం కింద బెత్తెడు సందు వచ్చింది. బస్తాలు దించినా ఆ సందు పూడలేదు. ఇనుము లొంగిపోయింది, ఇక దాన్ని నమ్మలేం.

“మరెలాగండీ మేష్టారూ?” అన్నాడు ఆటో డ్రైవరు.

“ఒరే, ఆటో ఎందుకురా? నన్ను మోసుకుపో” అంది అక్క.

గండి దాటితే రోడ్డు దగ్గరే, అక్కడ ఇంకో ఆటో దొరుకుతుంది. అయినా అక్కను మోయొచ్చని నాకు తోచనేలేదు. ధాన్యం బస్తా అవలీలగా ఎత్తిన మనిషి. నన్ను చంకనేసుకుని ఈ గట్టంతా తిరిగిన మనిషి.

వీపున ఎక్కించుకుని పలక మీద అడుగు వేశాను. డ్రైవరు వంగి దారం కేసి చూశాడు.

“సందు పెరగలేదండీ! వెళ్లిపోండి, అసలు బరువే లేదండీ!” అని సంతోషంగా కేకేశాడు.

ఒంట్లో అంత నీరుండి కూడా. నాకు ఏడుపు ఆగలేదు.

“ఏరా, వణుకుతున్నావు? బరువుగా ఉన్నానా?” అంది అక్క నా చెవిలో.

“అవునక్కా, మొయ్యలేకపోతున్నా” అన్నాను.