లేని దూరం

ఒక అబద్ధాన్ని నేను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క మాట. మా ఇంట్లో ఆ మాట అంటే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. అదే దాని సుఖం, అదే నా పాపం. మా అత్తమ్మకు చెప్పలేను. మా ఆయనకు చెబితే సాయంత్రానికల్లా ఆమెకు చేరుతుంది. మీరు మా వీధివాళ్ళు కారు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది తిరుపతిలో వైష్ణవుల ఇల్లు. పూజగదిలో సాళగ్రామం ఉంది, రోజూ మడితో వండిందే దానికి నివేదన. నెలసరి వచ్చిన ఆడవాళ్ళు మూడు రోజులు వంటింటి గడప తొక్కరు, వెనక గదిలో ఉంటారు. దాన్ని 'దూరం' అంటాం. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ గదిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. తర్వాత అదే నాకు పుట్టిల్లయింది.

ఎందుకంటే నా ఒంట్లో ఒక నొప్పి చేరింది. ఎక్కడ అంటే చెప్పలేను. ఈరోజు భుజాలు, రేపు తొడలు, ఎల్లుండి వేళ్ళు. రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి ఎవరో రోకలితో దంచినట్టుండేది. పరీక్షలు చేయించాం, అన్నీ బాగున్నాయన్నారు. బాగున్నాయని కాగితం చేతికొచ్చాక, నొప్పి అని చెప్పడానికి నోరెలా వస్తుంది? మా ఆయన సంతోషపడ్డాడు. నేనూ సంతోషపడాల్సి వచ్చింది.

అంతలో స్వామికి ప్రీతి అని చెప్పే పెరటాసి నెల శనివారం ఒకటి వచ్చింది. ఆ రోజు స్వామికి తళిగ వేయాలి, అంటే పిండివంటలన్నీ ఆకులో పరిచి నివేదన పెట్టాలి. పులిహోర, చక్కెర పొంగలి, వడలు, అన్నీ పూజవేళకు సిద్ధం కావాలి. ఆ పొద్దున నాకు దువ్వెన పట్టుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. వడకు పప్పు రుబ్బమని అత్తమ్మ వంటింట్లోంచి పిలిచింది. నేను గడప ఇవతలే నిలబడి, "అత్తమ్మా, దూరమైనాను" అన్నాను. అనుకుని అన్నది కాదు, నోరు తానే అనేసింది. తానే అనేసిందా? ఇన్నాళ్ళూ అలాగే చెప్పుకున్నాను. నిజానికి ముందు రోజే ఆ మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

అంతా అత్తమ్మ ఒక్కతే వండింది. అప్పటికే ఆమె మోకాళ్ళు అంతంత మాత్రం. నేను వెనక గదిలో చాప మీద వాలి, నూనెలో వడలు వేగే చప్పుడు వింటూ నిద్రపోయాను. దాచడమెందుకు, పెళ్ళయ్యాక అంత తియ్యటి నిద్ర అదే మొదలు.

రుచి మరిగాను. నొప్పి ముహూర్తం చూసుకుని రాదు కదా, అది వచ్చినప్పుడల్లా నేను దూరమయ్యేదాన్ని. అంటు దాచి మడి కట్టుకున్నవాళ్ళ కథలు చిన్నప్పటి నుంచి విన్నాను, వాళ్ళకు ఏమవుతుందో కూడా చెప్పేవారు. లేని అంటు ఉందన్నవాళ్ళ కథ మాత్రం ఎవరూ చెప్పలేదు. దానికి ప్రాయశ్చిత్తం ఏ పంచాంగంలోనూ ఉండదనుకుంటాను.

అత్తమ్మకు బెంగ పట్టుకుంది. "నెలకు రెండు తూర్లు ఏంది పాపా, రక్తమంతా పోతా ఉండాది నీకు" అనేది. దానిమ్మకాయ వలిచి, గింజలు గిన్నెలో పోసి, గడప అవతల నుంచి నా వైపు జరిపేది. నేను తినేదాన్ని. డాక్టరమ్మ దగ్గరికి పోదామంటే మాత్రం ఏదో ఒక వంక చెప్పేదాన్ని.

ఒకరోజు ఆమె మొక్కు తీర్చుకోవాలంది. ఏం మొక్కో చెప్పలేదు. అలిపిరి నుంచి కొండ పైదాకా మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కాలట. మా ఆయన ఆమెతో నడిచాడు. నాకు రక్తం తక్కువని నన్ను బస్సులో పంపారు. మెట్లు ముగిసే చోట కాచుకుని కూర్చున్నాను. ఆమె కనిపించేసరికి పొద్దు వాలింది. ఒక చేత్తో కొడుకు భుజం పట్టుకుని, ప్రతి మెట్టు దగ్గరా వంగుతూ వచ్చింది. వేళ్ళు పచ్చగా ఉన్నాయి. చివరి మెట్టుకు బొట్టు పెట్టి అక్కడే కూలబడింది.

"ఎందుకత్తమ్మా ఇంత కష్టం?" అన్నాను.

"నీ కోసరమే పాపా. నీకు ఆ దూరం సక్రమంగా రావల్లని మొక్కినాను. ఇంక స్వామి సూసుకుంటాడు."

"మోకాళ్ళు నొప్పిగా ఉండాయా?"

"ఉంటే ఉండనీ. నొప్పులు యాడికి పోతాయి."

మిగిలిన కుంకుమ నా నుదుట పెట్టింది. అప్పుడు చెప్పాల్సింది. అబద్ధానికి అంత చురుగ్గా లేచిన నోరు ఆ సాయంత్రం లేవలేదు.

కొన్నాళ్ళకు నొప్పి ఓర్చుకోలేక మా ఊళ్ళోనే ఇంకో డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన నిద్ర ఎలా పడుతుందని అడిగి, అక్కడా ఇక్కడా నొక్కి చూసి, దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారన్నాడు. కాగితాల్లో కనబడకపోయినా నొప్పి నిజమేనన్నాడు. పక్కన కూర్చున్న అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నొప్పి అని నువ్వు చెప్తే నేను నమ్మనా పాపా?" అంది. అంతే అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఒక్కసారైనా ఆమెకు చెప్పి చూశానా? ఆమె నమ్మదని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆమె చేత పని చేయించుకున్నాను.

ఇప్పుడు మా ఇంటి నడక మారింది. పొద్దున లేస్తూనే గుప్పిట మూసి చూసుకుంటాను. "గుప్పిట మూసుకునిందా?" అని అత్తమ్మ అడుగుతుంది. బిగిసి మూసుకుంటే ఆ రోజు పులుసు, రెండు కూరలు. సగమే మూసుకుంటే పెసరపప్పు, చారు. అసలు మూసుకోకపోతే పెరుగన్నం, స్వామికీ అదే. ముందు రోజు వేసుకున్న పథకం పొద్దున్నే మారిపోతే ఇంట్లో ఎవరూ ముఖం ముడుచుకోరు. బాగున్న రోజున నేను ఎగిరెగిరి పని చేస్తుంటే అత్తమ్మే కసురుతుంది, "సాలించు, రేపటికి కొంచెం పెట్టుకో" అని. కూరగాయలు ఇద్దరం పీటల మీద కూర్చునే తరుగుతాం. ఆమె మోకాళ్ళు, నా గుప్పిట, రెండింటినీ అడిగాకే వంట. నిజం చెప్పాలంటే నేను సుఖంగా ఉన్నాను. అందుకే ఈ ముల్లు ఇంకా గుచ్చుకుంటుంది.

అబద్ధం మానేశాక నా దూరం నెలకొక్కసారే వస్తోంది. రాదూ మరి! పోయిన వారం గడప దగ్గర నిలబడి దూరమయ్యానని చెప్పాను, ఈసారి నిజంగానే. అత్తమ్మ వేళ్ళు మడిచి రోజులు లెక్క చూసుకుని నవ్వింది. "తేదీ తప్పకుండా వచ్చినావే. నా మెట్లు వృథా పోలేదు" అంది. పక్కింటామెను పిలిచి మరీ చెప్పింది.

చెబితే నా బరువు దిగుతుంది, ఆమె ఎక్కిన కొండ కూలుతుంది. చెప్పకపోవడం దయా, పిరికితనమా? దయ అనుకోవడమే నాకు హాయి కాబట్టి పిరికితనమేనేమో.

ఆ మెట్ల మీద అత్తమ్మ వంగింది లేని జబ్బు కోసం. ఆమెను వంచింది నేను. ఇన్నేళ్ళకు ఈ మాట ఒకరికి చెప్పాను, కొంచెం ఊపిరి ఆడుతోంది. రేపు పొద్దున గుప్పిట మూసుకునిందా అని ఆమె అడుగుతుంది. ఎంత మూసుకుంటే అంతే చెబుతాను.