యూరియా లైనుకు నేను చేసిన మరమ్మతు

నాలుగు ఊళ్ళ రైతులను ఒక్క పూటలో ఏడిపించాలంటే మామూలుగా కరువో, వడగళ్ళ వానో రావాలి. నేను ఆ పని ఒక పెన్‌డ్రైవ్‌తో చేశాను. ఆ రోజు నా మీద పడ్డ తిట్లను ఇక్కడ రాయలేను, మీ ఇంట్లో పిల్లలు కూడా చదువుతారు. మిగతాదంతా దాచకుండా చెప్తాను.

అప్పటికి నేను కామారెడ్డిలో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసి, ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్ళో ఏడాదిగా ఖాళీగా ఉన్నాను. ఖాళీగా ఉన్నానని నేను ఒప్పుకునేవాణ్ణి కాదు, ప్రిపేర్ అవుతున్నానని చెప్పేవాణ్ణి. దేనికని అడిగినవాళ్ళతో మాట్లాడటం మానేసేవాణ్ణి. మా బాపు మాత్రం అడగలేదు. మా పిలగాడు కంప్యూటర్ సదివిండని బస్సులో పక్క సీటువాళ్ళకు కూడా చెప్పేవాడు. నన్ను అంతగా నమ్మిన మనిషి మరొకరు లేరు, అందుకే ఆయనే మునిగాడు.

అది వానాకాలం. నాట్లు అయిపోయాయి. పిలకలు వేసేటప్పుడే వరికి యూరియా పడాలి. అదను తప్పాక ఎంత చల్లినా చచ్చినవాడికి చక్కెర పెట్టినట్టే. ఆ ఏడు యూరియా దొరకడమే గగనమైంది. ఎరువులు అమ్మే సహకార సొసైటీకి లారీ వస్తుందని తెలిస్తే చాలు, జనం తెల్లారకముందే వెళ్ళి లైను కట్టేవారు. ఎంతసేపని నిలబడతారు? తమ బదులు చెప్పులు వరుసగా పెట్టి, గోడ నీడన కూర్చునేవారు. ఒక జత చెప్పులంటే ఒక రైతు. ఆ చెప్పులను ఎవరూ ముట్టరు. మా దగ్గర పొలం గట్టు జరిపినవాళ్ళున్నారు గానీ లైన్లో చెప్పు జరిపినవాడు లేడు.

నాకు మాత్రం ఆ లైను నామోషీగా అనిపించింది. నాలాంటి మేధావి ఉన్న ఊళ్ళో చెప్పులు వరుస కాయడమేమిటని, లాప్‌టాప్ ముందు కూర్చుని పైథాన్ అనే భాషలో ఒక ప్రోగ్రాం రాశాను. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో రైతు పేరు కొట్టి ఆకుపచ్చ బటన్ నొక్కితే టోకెన్ నంబరు వస్తుంది. ఆ ఆకుపచ్చ ఎంత ముదురుగా ఉండాలో తేల్చుకోవడానికే నాకు మూడు రోజులు పట్టింది.

సొసైటీ క్లర్కు నర్సింలు సారు దగ్గరికి బాపే నన్ను తీసుకెళ్ళాడు. సారు ఒప్పుకున్నాడు గానీ ఒక ప్రశ్న వేశాడు.

"మా కంప్యూటర్ల నడుస్తదా ఇది?"

"నా దాంట్ల నడుస్తున్నది సార్."

ఆయన అడిగింది నా దాని గురించి కాదు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

లారీ వచ్చే రోజు బాపు అందరికంటే ముందు వెళ్ళి మొదటి జత పెట్టాడు. నేను తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కాతో దిగాను. ఇల్లలకగానే పండగ కాదంటారు పెద్దలు. నేను ఇల్లు కూడా అలకకుండానే పందిరి వేసి భోజనాలకు పిలిచాను. లైనుకు ఎదురుగా నిలబడి ఒక సెల్ఫీ తీసుకుని, చెప్పుల లైనుకు ఇదే చివరి రోజని స్టేటస్ పెట్టాను. తర్వాత అందరినీ చెప్పులు తొడుక్కోమన్నాను, ఇకనుంచి వరుస సంగతి కంప్యూటర్ చూసుకుంటుందన్నాను.

మా వాడకట్టులోనే ఉండే లచ్చవ్వ కదల్లేదు. "ముందుగాల నీది నడవనియ్యి కొడుకా. గప్పుడు తీస్తం."

"నడుస్తది అవ్వా. నువ్వు తియ్యి."

ఆమె నన్ను వదిలేసి బాపు వైపు చూసింది. బాపు వంగి తన చెప్పులు తీసి తొడుక్కున్నాడు. ఆయన తీశాకే మిగతావాళ్ళు తీశారు.

లోపల సొసైటీ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ తగిలించి, పైథాన్‌నూ నా ప్రోగ్రాంనూ అందులో వేసి, రెండుసార్లు నొక్కాను. కిటికీ రాలేదు. నల్లటి పెట్టెలో నాలుగు ఇంగ్లీషు వరుసలు వచ్చాయి. సంగతేమిటంటే, పైథాన్‌లో కిటికీలూ బటన్లూ గీసే సామాను వేరే ఉంటుంది. నెట్ నత్తలా నడుస్తోందని నేను పెన్‌డ్రైవ్‌లో దించుకొచ్చింది అన్నిటికంటే చిన్న పైథాన్ ప్యాకెట్టు. అందులో ఆ సామాను ఉండదు. నా లాప్‌టాప్‌లో పెద్దది ఉంది కాబట్టి ఆ తేడా నాకెప్పుడూ తెలియలేదు.

ఏమైందని సారు అడిగాడు. చిన్న ప్రాబ్లం, ఐదు నిమిషాలన్నాను. కంప్యూటర్ వాళ్ళ ఐదు నిమిషాల సంగతి మీకు తెలియంది కాదు. వాటి ముందు పెళ్ళికూతురు ముస్తాబు నయం.

ఫోన్ నెట్‌తో పెద్ద ప్యాకెట్టు దించాను. ఎక్కిద్దామంటే ఆ కంప్యూటర్లో జాగా లేదు. ఏది తీసేద్దామా అని వెతికితే జావా అనే ఇంకో భాష, ఎనిమిదో నంబరుది, ఏళ్ళుగా ఎవరూ ముట్టనట్టు పడి ఉంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత. సారును అడగలేదు. అడిగితే నాకు తెలియదన్న విషయం ఆయనకు తెలిసిపోతుంది కదా. పీకేశాను.

పైథాన్ ఎక్కింది. కిటికీ తెరుచుకుంది. ఆకుపచ్చ బటన్ నిగనిగలాడింది. తలుపు దగ్గరికొచ్చి, మొదటి నంబరు ఎవరిదని అడిగాను. నలభై చేతులు లేచాయి. నిజంగా మొదటివాడైన మా బాపు చెయ్యి ఎత్తలేదు, అందరికీ తెలుసు కదా అనుకున్నాడు పాపం. గొడవ ముదురుతుంటే నాకు సెల్ఫీ గుర్తొచ్చింది. అందులో వరుసంతా ఉంటుందని ఫోన్ తీసి లచ్చవ్వకు చూపించాను. ఆమె కళ్ళు చికిలించి చూసింది.

"ఎనకది మంచిగనే కనవడుతున్నది కొడుకా. ముందటిదానికి నీ మొకం అడ్డమున్నది."

ఈలోగా నర్సింలు సారు తన ప్రోగ్రాం తెరవబోయాడు. రైతు పాస్‌పుస్తకం నంబరు కొడితే చిట్టీ ఇచ్చేది అదే. చిట్టీ లేనిదే గోదాం నుంచి బస్తా కదలదు. ఆ ప్రోగ్రాం తెరుచుకోలేదు, జావా ఏదని అడిగింది. సారు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

పోనీ కొత్త జావా పెడదామని, జాగా కోసం నా పైథాన్‌నే తీసేశాను. ఆకుపచ్చ బటన్ పావుగంట బతికింది. కొత్త జావా ఎక్కింది గానీ సారు ప్రోగ్రాం తెర రాలేదు. ఆ పాతదానిలో కిటికీలు గీసే సామాను కలిపే వచ్చేదట. కొత్తవాటిలో దాన్ని విడదీశారట. అంటే నేను ఏ రోగంతో వచ్చానో, అదే రోగాన్ని ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌కు అంటించాను.

బయట గొడవ పెరిగింది. ఆ ప్రోగ్రాం పెట్టిన మనిషి కామారెడ్డిలో ఉన్నాడంటే బండి తీశాను. దారంతా సిగ్గుతో చచ్చాను. ఆయన తాపీగా చాయ్ తాగుతూ కథంతా విన్నాడు.

"పాతదాన్ని ఎందుకు తీసినవ్?"

"పాతది కదన్నా అని."

"మీ ఇంట్ల ముసలోళ్ళు లేరా తమ్మీ?" అని పాత జావాను నా పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు.

తిరిగొచ్చేసరికి నాలుగైంది. పాతది ఎక్కించగానే సారు ప్రోగ్రాం ఏమీ జరగనట్టు లేచి కూర్చుంది. బయట జనం కొట్లాడి అలిసిపోయి, మళ్ళీ చెప్పులతోనే లైను కట్టుకున్నారు. మొదటి జత మా బాపుది కాదు. వెతుక్కుంటూ వెళితే ఆయన చెప్పులు చిట్టచివర కనిపించాయి.

"ఎవలన్న ఎనకకు పొమ్మన్నరా బాపు?"

"ఎవలంటరు? నన్ను జూసే గదా అందరు తీసిన్రు" అన్నాడు.

ఆయన ముందు ఇంకా పదిమంది ఉండగానే బస్తాలు అయిపోయాయి.

మళ్ళీ లారీ పన్నెండు రోజులకు గానీ రాలేదు. అప్పటికి అదను దాటింది. మా మడి పసుపుపచ్చగా, పక్క మడులకు జానెడు తక్కువగా నిలబడింది. గట్టు మీద నడిచే ప్రతివాడికీ అది ఎవరి మడో చెప్పకుండానే తెలిసేది. డిగ్రీ పట్టా గోడకు కొడితే ఎవరూ చూడలేదు గానీ, పొలంలో మాత్రం అందరూ చూశారు. బాపు నన్ను ఒక్క మాటా అనలేదు. తిడితే బాగుండేదని ఆ పంటకాలమంతా అనుకున్నాను. అది తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ మంటే.

ఆ రెండో లారీ రోజు పొద్దున్నే బాపు బయల్దేరుతుంటే నేనూ లేచాను. ఆయన్ను ఇంట్లోనే ఉండమన్నాను, లైన్లో నేనుంటానన్నాను. ఆయన గడప దగ్గర ఆగి, నన్ను కాకుండా నా కాళ్ళను చూశాడు.

"నువ్వద్దు బిడ్డా. నీ చెప్పులియ్యి, సాలు. అవైతే పెట్టిన కాడ ఉంటయి."

ఇచ్చాను. ఆయన వాటిని చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఉత్తకాళ్ళతో అదే గడపలో నిలబడి ప్రమాణం చేశాను: పరాయి కంప్యూటర్లో నాకు తెలియనిదాన్ని పాతదని పీకను, నడిపి చూపకుండా ఒక్క రైతు చేతా చెప్పులు తీయించను, నా దాంట్లో నడుస్తోందనే మాట ఈ జన్మలో పలకను. ఆ ప్రమాణానికి సాక్షులు లేరు. ఇంట్లో నాకున్న ఒక్క జత చెప్పులూ అప్పటికే లైనుకు వెళ్ళిపోయాయి.