పెరట్లో ఎక్కిన బస్సు

“బూర్గంపాడు టింబర్‌మ్యాన్ కన్నుమూశారు. చాలాకాలంగా మోకాళ్ల నొప్పులతో మంచాన పడి ఉన్నారు” అని కిందటి నెల మన విశ్రాంత ఉద్యోగుల పత్రికలో రెండు వాక్యాలు వేశారు. మొదటి వాక్యం నిజం. రెండోదాన్ని దిద్దాలి. ముప్పై ఏళ్లు పిల్లల జవాబు పత్రాలు దిద్దినదాన్ని, అన్నలాంటి మనిషి గురించి తప్పు అచ్చయితే ఊరుకుంటానా? ఆయన ఏ మంచానా పడలేదు. పోయిన రోజు పొద్దున కూడా మా పెరట్లో సుత్తి పట్టుకుని ఉన్నాడు. పని ఆపి, చెంబెడు నీళ్లు తాగి, ఇంటికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నచోటే గుండె ఆగింది. మీరు మంచం ఎక్కడినుంచి తెచ్చారో నాకు తెలియదు.

బొగ్గు బావిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. అందుకే వీధి మొత్తానికి టింబరన్న. ఒకసారి కప్పురాయి జారి ఎడమ చేతిమీద పడింది. అప్పటినుంచి ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. రిటైరయ్యాక భార్య పుట్టిన ఊరని బూర్గంపాడు వచ్చి మా పక్కింట్లో దిగాడు. నేనేమో ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిల్ మీదనుంచి పడి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. అది వంకరగా అతికింది, ఇప్పటికీ చాపితే సగమే సాగుతుంది. “మనిద్దరికి కలిపి మంచి చేతులు రెండున్నయి టీచరమ్మా. ఒక మనిషికి సరిపోను ఉన్నట్టే” అనేవాడు.

నాలుగేళ్ల కింద నా ఎడమ మోకాలు మొరాయించింది. నూనెలు రాశాను, ఆకులు కట్టాను. డాక్టరు మాత్రలూ వ్యాయామం చీటీ ఇస్తే, మాత్రలు మింగి చీటీని దేవుడి పటం వెనక దోపాను. బస్సు మొదటి మెట్టు మీదికి కాలు లేవడం మానేసింది. ఏన్కూరులో మంచంలో ఉన్న మా అక్కను చూసి అప్పటికి మూడేళ్లయింది. ఫోన్లో మాట్లాడుకుందామంటే ఆమెకు చెవుడు, నాకు కోపం. కారు మాట్లాడుకోవచ్చుగా అంటారు. నన్ను ఇద్దరు పట్టుకుని దింపితే చూసి అక్క మనసు ఇంకా కుంగుతుంది. నా కాళ్లతో నేను ఆమె గడప దాటాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఇది విన్నాక టింబరన్న రెండు రోజులు గోడమీదనుంచి నన్ను పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా గమనించాడు. నేను కుర్చీలోంచి లేవడం, బిందె ఎత్తడం, గుమ్మం దిగడం, అన్నీ చూశాడు. మూడోనాడు తీర్పు చెప్పాడు.

“నీ కుడిపక్క దిమ్మె పని చేస్తలేదు టీచరమ్మా. కప్పంత ఎడమ దిమ్మె మీదికి ఒరిగింది. నువ్వేమో ఒరిగిన దిమ్మెకు నూనె రాస్తున్నవ్.”

లీవరు పాఠం, బరువు పాఠం ఎన్ని వందలమందికి చెప్పానో! వంకర చేతిని కాపాడుకుంటూ, ఎత్తేదీ మోసేదీ ఆనుకునేదీ మొత్తం ఎడమవైపుకే తోసి నలభై ఏళ్లయింది. ఆ లెక్క నా ఒంట్లోనే ఉంటే నాకు కనపడలేదు.

“నొప్పినడిగితే ఏం చెప్తది? బరువునడుగు” అన్నాడు. ఆ పద్ధతిలోనే తన మోకాళ్లను ఇరవై ఏళ్లు నడిపించుకున్నాడట.

ముందు నా కుడిచేతికి ఉద్యోగం ఇచ్చాడు. చాచలేని చేతికి మామూలు కర్ర అందదు కదా, జానెడు ఎక్కువ పొడుగు కర్ర కోసి తెచ్చాడు. నొప్పి ఎడమ కాలిది, కర్ర కుడిచేతిలో. దేవుడి పటం వెనక చీటీ తీయించి, అందులో ఉన్నవన్నీ రోజూ చేయించాడు. పక్కన తనూ చేసేవాడు. టక్కుమని శబ్దం వస్తే, అది ఎవరి మోకాలిదని కాసేపు వాదన.

తరువాత ఆ కర్ర పట్టుకుని బస్టాండుకు వెళ్లి బస్సు మెట్టు ఎత్తు కొలిచాడు. బస్సు కొంటున్నావా పెద్దాయనా అని కండక్టరు ఎగతాళి చేశాడట. కొలిచిన చోట కర్రకు కత్తితో ఒక గాటు, దాని కింద ఇంకో రెండు. మా పెరట్లో వెదురు పాతి అదే బస్సు కమ్మీ అన్నాడు. అన్నిటికన్నా తక్కువ ఎత్తుదానితో మొదలుపెట్టి, గాటుకొక మెట్టు చొప్పున విడివిడిగా మూడు చేస్తానన్నాడు. ఆయన సుత్తి కొడితే మేకు పట్టుకునేది నా ఎడమ చెయ్యి. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. ఎక్కేముందు మెట్టును కర్రతో కొట్టి చూడాలి. అది బావిలో కప్పును కొట్టి చూసే అలవాటు. “ఖంగుమంటే నిలబడు, బొద్దుమంటే జరుగు.” నేను ఎక్కగానే “ఏడికి?” అని టికెట్టు అడిగేవాడు. ఏన్కూరు అంటే, చిల్లర లేదు దిగమనేవాడు. మా మనవరాలు వీడియో తీసి ‘నానమ్మ డ్రైవింగ్ టెస్ట్’ అని అందరికీ పంపింది.

ఆయన పోయేనాటికి రెండు గాట్లు ఎక్కాను. ఆ పొద్దున రెండో మెట్టు మీద కాలు జారకుండా టైరు ముక్క బిగించాడు. మూడోదానికి చెక్క కోసి పెట్టాడు, కాళ్లు బిగించలేదు.

దినవారాలైన మర్నాడు వాళ్లావిడ ఆ చెక్క చంకన పెట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. “సగం పని ఇడిస్తే ఆయనకు నచ్చది వదినా. మేకు పట్టు” అంది. సుత్తి ఆమె పట్టింది. రెండు దెబ్బలు మేకుకు, ఒకటి నా వేలికి. ఇద్దరం ఏడ్చాం, వేలి మీద నెపం పెట్టుకుని.

వారం తిరిగేసరికి మూడో మెట్టు ఎక్కాను. ఆ మరుసటి వారం నిజం బస్సు. కర్రతో మెట్టును కొడితే ఖంగుమంది! కమ్మీ పట్టి మంచికాలు వేశాను, కుడిచేత్తో కర్రను నొక్కాను, నేను పైన ఉన్నాను. కండక్టరు ఏడికమ్మా అంటే ఏన్కూరు అని ఎంత గట్టిగా అరిచానంటే బస్సంతా తిరిగి చూసింది. మధ్యలో ఇంకో బస్సు మారాను. రెండుసార్లు ఎక్కాను, రెండుసార్లు దిగాను. మోకాలు నొచ్చింది. నొచ్చనీ.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. “ఎవరు తెచ్చిండ్రే నిన్ను?”

ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, టింబరన్న అన్నాను.

“మరి లోపలికి రమ్మనక బయట నిలబెట్టినవేంది?” అంది.

గుమ్మం వైపు చూశాను. గోడకు ఆనించిన కర్ర, దాని మీద మూడు గాట్లు.

ఇక మీతో పని. సోమవారం నుంచి టింబరన్న వాళ్లావిడ మొదటి మెట్టు ఎక్కుతోంది, ఆమె మోకాళ్లు కూడా మొరాయించడం మొదలుపెట్టాయి. మూడో మెట్టుకు ఇంకా రబ్బరు లేదు. బూర్గంపాడు వైపు వచ్చేవాళ్లెవరైనా పంక్చరు షాపులో మూరెడు పాత టైరు ముక్క అడిగి తీసుకురండి. ట్యూబు కాదు, టైరు. చిన్న మేకులు ఆరు. సుత్తి మా దగ్గర ఉంది, కొట్టడానికి వదిన ఉంది. మేకు పట్టుకునే వేలు మాత్రం మీరే తెచ్చుకోండి.