గీత వెడల్పు

యంత్రశాలలో ఆమెను అందరూ గీతలావిడ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని గీతల వెడల్పు కొలవడం.

సూర్యుడిలోలా శక్తి పుట్టించడానికి అక్కడి యంత్రం లోపల వాయువు కోట్ల డిగ్రీల్లో కాగుతుంది. అంత వేడికి ఏ థర్మామీటరూ నిలవదు. అందుకని అందులోకి రవ్వంత ఆర్గాన్ వాయువు వదులుతారు. అది ఎక్స్-రే కిరణాలు చిమ్ముతుంది. గోడకు ఇవతల ఉన్న వంపు స్ఫటికం వాటిని విడదీసి సన్నని గీతలుగా తెర మీద పరుస్తుంది. లోపలి ఆర్గాన్ రేణువులు ఎంత వేడెక్కి పరుగులు తీస్తే గీత అంత వెడల్పవుతుంది. స్ఫటికం కూడా తన వంతు కొంత వెడల్పు కలుపుతుంది. దాన్ని తీసేస్తే మిగిలేదే వేడి.

మిగతావాళ్లు పెద్ద గదిలో కలిసి కూర్చుంటారు. ఆమె గది నడవా చివర ఉంది. కిటికీ లేదు. రెండో కుర్చీలో ఫైళ్లుంటాయి.

మంగళవారం ఐదు కోట్ల డిగ్రీలు వచ్చింది. ఎన్నడూ లేనంత. చప్పట్లు ఆమెకు గోడలోంచి వినిపించాయి. సాయంత్రం వార్తల్లో ఆమె ముఖం మూడు సెకన్లు కనబడింది. రెండేళ్లుగా పలకరించని తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా! మీ అక్క ఏం చేస్తుందని ఎవరన్నా అడిగితే ఇన్నాళ్లూ నీళ్లు నమిలేవాణ్ణి. ఇప్పుడు మా వీధి వీధంతా నీ మాటే. ఆదివారం అందరం వచ్చేస్తున్నాం."

"ఇల్లు గుర్తుందా?"

"దెప్పకు తల్లీ!"

ఆమె ఇంట్లో ఉన్నవి రెండే కప్పులు. మరో నాలుగు కొంది.

గురువారం ఉదయం టీ పోసుకుంటే కొత్త కప్పు బల్ల మీద నిలవక ఊగింది. అడుగు సమంగా లేదు. దాన్ని చూస్తుండగా ఆమెకు స్ఫటికం గుర్తొచ్చింది. పోయిన వారం పాత స్ఫటికం పగిలితే కొత్తది తనే అతికించింది. లెక్కలో మాత్రం పాతది కలిపే వెడల్పే ఉండిపోయింది.

ఆ రోజంతా కొత్త స్ఫటికాన్ని కొలిచింది. జిగురు ఆరుతూ దాన్ని ఒక పక్కకు లాగేసింది. అది కలిపిన వెడల్పు తీసేస్తే మిగిలింది నాలుగు కోట్లు.

సవరణ రాసుకుని యంత్రశాల పెద్దసారు గదికి వెళ్లింది.

"ఐదు కాదు సార్, నాలుగు. తప్పు నాది."

ఆయన కళ్లజోడు తీశారు. "వార్తల్లో వచ్చేశాక చెప్తారేంటమ్మా? ఇంకెవరికి తెలుసు?"

"నాకొక్కదానికే."

ఆయన ఆమె తెచ్చిన కాగితం ముందుకు లాక్కున్నారు. "ఊరుకుంటే పోయేదిగా," అని గొణిగి, సవరణ మీద సంతకం పెట్టారు.

తమ్ముడికి ఆమే ఫోన్ చేసి చెప్పింది.

"నాలుగు కోట్లు మాత్రం తక్కువా ఏంటి?"

"పోయినేడాదే ఇంతకంటే ఎక్కువ వచ్చింది రా."

అవతల టీవీ మోగుతోంది. "అందరికీ చెప్పేశానక్కా... సరేలే. ఆదివారం వీలు చూసుకుంటాం."

ఆదివారం ఆమె ఆరు కప్పులూ బల్ల మీద పెట్టింది. ఒంటిగంట దాకా అలాగే ఉంచింది. తర్వాత ఐదు లోపల పెట్టేసి, ఊగే కప్పు కింద మడిచిన కాగితం దోపి, టీ పోసుకుంది.