నాడెకు నోరు పెట్టొద్దన్న అండాలు

అండాలు పళ్లు ఊడబెరికింది పరాయివాళ్లు కాదు. పట్టకారు పట్టింది సొంత మరిది వెంకటరాజం. భుజాలు నేలకు అదిమింది అతని చిన్న కొడుకు రఘుపతి. తల్లి పురిట్లోనే పోతే ఆ రఘుపతిని చంకనేసుకుని పెంచింది అండాలే.

షాద్‌నగర్ దాటాక పాలమూరు దారిలో ఉన్న ఆ నేతగాళ్ల వాడలో, 1961 ఎండాకాలంలో, అండాలు మొగుడు దగ్గి దగ్గి నెత్తురు కక్కి చచ్చాడు. ఏడాది తిరక్కుండా వెంకటరాజం పెద్ద కొడుకు వెంకటనర్సూ అలాగే పోయాడు. వాడ దాన్ని రోగమనలేదు, అండాలు చేసిన బాణామతి అన్నది. దారం కండెలు చుడుతూ విధవ తనలో తాను గొణుక్కుంటే అది మంత్రమట. పళ్లు పీకితే మంత్రం పలకదట! నిజాం పోయాడు, రజాకార్లు పోయారు, ఓట్లొచ్చాయి. పట్టకారు మాత్రం పోలేదు.

"గట్టిగ పట్టురా, తల్కాయ మెదలనియ్యకు!"

"రగుపతీ, నేనురా, నీ పెద్దమ్మను..."

"పెద్దమ్మవా? మా అన్నను మింగినవ్ గదనే!"

ముందు పళ్లన్నీ పోయాయి. పై పెదవి ముక్కుదాకా చీలింది.

చీము పట్టిన నోటితో అండాలు పాలమూరు దవాఖానకు పోయింది. పక్క బెంచీ మీద దగ్గుతున్న మనిషికి డాక్టరు చెబుతున్నాడు. అది క్షయ. కంటికి కనబడని పురుగు. దగ్గుతో, ఉమ్మితో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. సూదులు, గోలీలు విడవకుండా వాడితే తగ్గుతుంది. "నీ ఎంగిలి ఎవరికీ పెట్టకు" అన్నాడు.

ఎంగిలి అన్న మాట దగ్గర అండాలుకు మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ మోసే నాడె గుర్తొచ్చింది.

అందులో కండె మార్చినప్పుడల్లా నేతగాడు నాడె బెజ్జానికి నోరు పెట్టి దారపు కొసను బయటికి పీలుస్తాడు. తన మొగుడు పీల్చిన నాడెనే, నున్నగా నడుస్తుందని వెంకటనర్సు తీసుకున్నాడు. ఇప్పుడది రఘుపతి చేతిలో ఉంది.

వాడకొచ్చి నాడెకు నోరు పెట్టొద్దని చెప్పింది. చీలిన పెదవిలోంచి మాట రాలేదు, గాలి వచ్చింది.

"మల్ల మంత్రం సదువుతాంది, సూడుండ్రి!" అని నవ్వారు. వెంకటరాజం డొక్కలో తన్నాడు. పెదవి చీలి పీల్చలేక, నాడె బెజ్జంలోంచి తాను దారం లాగడానికి కొస వంచుకున్న ఇనుప తీగను రఘుపతి చేతిలో పెట్టింది. మంత్రించిన తీగ అని వాడు వీధిలోకి విసిరేశాడు.

మర్నాడు అండాలు మరిది ఇంట్లోకి నేరుగా నడిచింది. మగ్గం గుంటలో కూర్చున్న రఘుపతి నాడెను పెదాల దగ్గరికి తెస్తున్నాడు. లాక్కుంది. దాని ఇనుప మొనతో వాడి మూతి మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. పెంచిన చెయ్యి కదా, ఎక్కడ కొట్టాలో తెలుసు. తెల్లటి పడుగు మీద నెత్తురు చిమ్మింది.

వెంకటరాజం కర్ర తీసుకున్నాడు. చెయ్యి విరిగేదాకా కొట్టాడు.

"కొట్టు, రాజం," అన్నది అండాలు, ఒక్కో మాటా కూడదీసుకుని. "వానికి ఇగ పీల్వరాదు."

నిజంగానే రాలేదు. మూతి వాచి పెదాలు కలవలేదు. మగ్గం మీద పడుగు సగంలో ఉంది. రెండో పూట రఘుపతి వీధిలో వంగి, దుమ్ములో చేతులతో వెతుకుతున్నాడు.

విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అండాలు తన గడపలోంచి చూస్తోంది.

"ఎడమ దిక్కు సూడురా," అన్నది. "నువ్వే గద ఇసిరినవ్."