స్పోర్ట్స్ కారును కోసిన అంకుల్

గురువారం ఉదయం ఆంటీ ఫోన్ చేశారు. "బ్రదర్, అంకుల్ నిద్రలోనే వెళ్ళిపోయారు" అన్నారు. పాస్టరునై ఉండి బైబిలైనా తీసుకోకుండా వాళ్ళింటికి పరుగెత్తాను.

అంకుల్ కెనడాలో, ఏజాక్స్‌లో మా పక్కింటి పెద్దాయన. రిటైరైన మెకానికల్ ఇంజినీరు. ఆదివారం తెల్లారేసరికి నా డ్రైవ్‌వేలో మంచు తోడేసి, "దేవుడి పనికి మీరు లేటవకూడదు కదా" అనేవారు. ప్రియులారా, ఆయన మేలు మరిచిపోలేను. కానీ ఆయన పట్ల నేను పాపం చేశానో లేదో తెలియక ఇది రాస్తున్నాను.

ఆయనకు పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. ఆకుపచ్చది, రెండే సీట్లు, నా నడుము ఎత్తు కూడా లేదు. చలికాలమంతా గరాజ్‌లో దుప్పటి కింద ఉండేది. ఎండలు రాగానే దుప్పటి తీసి, జ్వరం చూస్తున్నట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనించేవారు. "రంగు అబద్ధం చెబుతుంది బ్రదర్, తుప్పు చెప్పదు" అనేవారు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మా సంఘంలోని పెద్దావిడ వానలో బస్సు కోసం నిలబడి ఉంది. అంకుల్, ఆంటీ కూర్చున్న ఆ కారు ఆమె ముందునుంచే వెళ్ళిపోయింది. నాకు మండింది. మరుసటి వారం ప్రసంగంలో, బైబిల్లోని మంచి సమరయుని గురించి ఉరిమాను. "గాయపడినవాణ్ణి తన వాహనం మీద ఎక్కించుకున్నాడాయన. మూడో మనిషికి చోటులేని బండి మీకెందుకు?" అన్నాను. అందరూ ఆయనవైపు తిరిగారు. ఆయన మాత్రం తాపీగా తల ఊపుతున్నారు.

ఆ శనివారమే వాళ్ళ గరాజ్‌లోంచి ఇనుము కోసే గ్రైండర్ చప్పుడు వినబడింది. వెళ్ళి చూద్దును కదా, అంకుల్ కారును దాని తలుపుల వెనకనుంచి అడ్డంగా కోస్తున్నారు.

"అంకుల్, ఏంటిది?"

"వ్యాన్ చేస్తున్నా."

"ఎందుకు?"

"మీ నోవహు ఓడను అందరికీ చెప్పే కట్టాడా?" అని మళ్ళీ గ్రైండర్ ఆన్ చేశారు.

ఏడాది పట్టింది. ముందు కప్ప మూతి, వెనక బ్రెడ్డు బండి. తీరా చూస్తే గరాజ్ తలుపుకన్నా ఎత్తయింది. టైర్లలో గాలి తీసి, ఇద్దరం బయటికి తోశాం. "ఓడకు కొలతలు దేవుడిచ్చాడు. నాకెవరిచ్చారు బ్రదర్?" అని నవ్వారు.

చిత్రమేమిటంటే, అందులోనూ సీట్లు రెండే. వెనక సంఘం అన్నం గిన్నెలు, మడత కుర్చీలు మోసేవారు. ఒకసారి పార్కింగ్‌లో ఎవరో తెల్లాయన దాని చుట్టూ తిరిగి, చావు కబురు విన్న మొహంతో, ఈ ఘోరం ఎవరు చేశారని అడిగాడు. అంకుల్ నన్ను చూపించారు.

ఆ వేలు నా గుండెల్లో గుచ్చుకునే ఉంది. ఆయన ప్రేమగా దాచుకున్నదాన్ని నా నోరే నరికించిందా? అంత్యక్రియలయ్యాక ఉండబట్టలేక ఆంటీని అడిగాను.

"నా ప్రసంగం వల్లేనా ఆంటీ?"

"ఏ ప్రసంగం?"

"సమరయుడిది."

"మీరు గొంతు పెంచగానే ఆయన చెవి మిషన్ ఆపేసేవారు బ్రదర్. ఏమీ అనుకోకండి."

"మరి తల ఊపేవారు కదా?"

"నిద్ర పట్టకుండా."

నేను నిర్దోషినని తేలింది. సంతోషం రాలేదు. చెడగొట్టానన్న బరువుకంటే, నా మాట ఆయనకు చేరనే లేదన్న తేలికే నన్ను ఎక్కువ కుంగదీసింది. పోనీ, వినకపోతే నన్నెందుకు చూపించినట్టు?

"ఇంటిదాకా నేను దింపుతాను, ఎక్కండి" అన్నారు ఆంటీ, అంకుల్ చేసిన వ్యాన్ తలుపు తీస్తూ. ఆ బండి నేనెక్కడం అదే మొదటిసారి. రోడ్డు మీదికి రాగానే వెనక రేకు డబ్బా మోత మొదలుపెట్టింది. ఆ రోజు నన్నెందుకు చూపించారని అరిచి అడిగాను. ఆంటీ రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా చాలాసేపు చెప్పారు. పెదాలు కదలడం కనబడుతోంది, ఆ మోతలో ఒక్క మాటా వినబడటం లేదు. చెబుతూ చెబుతూ ఒకసారి నవ్వారు, ఒకసారి చేతి గ్లవ్‌తో కళ్ళు తుడుచుకున్నారు. ఎదురుగా రెండు పొట్టి వైపర్లు మంచును అటూ ఇటూ తోస్తున్నాయి.