గార్డుగారి ముద్రసుత్తి

జీతాలిచ్చే గుమస్తాకు తప్ప ఆఫీసులో ఎవరికీ అతని పేరు గుర్తులేదు. అందరికీ అతను పాదుషా. అడవిలోకి డ్యూటీకి వెళ్తూ మడత కుర్చీ వెంట మోయించుకునే ఫారెస్టు గార్డును ఇంకేమని పిలుస్తారు? ఆ పేరు వెక్కిరింపని ఊరంతటికీ తెలుసు, అతనికి తప్ప. ఎవరైనా అలా పిలిస్తే మీసం సవరించుకునేవాడు.

అతని రాజ్యమంతా ఒక సుత్తిలో ఉండేది. దాని మొహం మీద శాఖ గుర్తూ, అతని నంబరూ ఉబ్బెత్తుగా ఉంటాయి. లైసెన్సు తెచ్చుకున్న కాంట్రాక్టరు ఏ చెట్టు కొట్టాలన్నా ముందు గార్డు వెళ్లి, అరచేతి మేర బెరడు చెక్కించి, ఆ సుత్తితో రెండు చోట్ల ముద్ర వెయ్యాలి. ఒకటి రొమ్మెత్తున, ఒకటి మొదట్లో, నేలకు ఆనుకుని. మాను లారీ ఎక్కిపోయినా మొద్దు మీద ముద్ర మిగులుతుంది. ముద్ర లేని మొద్దు కనిపిస్తే దొంగతనం కింద లెక్క. ఇక వాగు గట్టు నుంచి ముప్పై మీటర్ల లోపలి చెట్టుకు అసలు ముద్రే వెయ్యకూడదు, గట్టు జారిపోతుంది కనుక. అన్నిటికంటే గట్టి నియమం ఏమిటంటే, ఆ సుత్తి గార్డు చెయ్యి దాటకూడదు.

ఇంట్లో ఆ సుత్తికి జరిగే మర్యాద చుట్టాలకు జరిగేది కాదు. నూనె రాసి, తోలు సంచిలో పెట్టి, భోజనం చేసేటప్పుడు కూడా పక్కనే ఉంచుకునేవాడు.

"అది కూడా తింటుందేమో, వడ్డించమంటారా?" అనేది భార్య.

"నీకేం తెలుసు, గవర్నమెంటు వస్తువు," అని గంభీరంగా తల పంకించేవాడు పాదుషా. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆమెకు పెళ్లయిన కొత్తల్లోనే తెలిసిపోయింది.

అతని చెల్లెలు బట్టలు కుట్టి బతికేది. వాగు ఒంపులో ఆమెకు రెండు గదుల ఇల్లు. వంటగది వెనకే గట్టు, ఆ గట్టును పట్టుకుని ఐదు పెద్ద చెట్లు. వాటి వేళ్లు లేకపోతే ఆ గది ఏదో ఒక వానకు వాగులో కలవాల్సిందే. ఆ పక్క కొండ మీద చెట్లు కొట్టే లైసెన్సు ఒక కాంట్రాక్టరుకు వచ్చిందని వినగానే ఆమె మిషన్ ఆపి అన్న దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, మా వెనక చెట్ల జోలికి రారు కదా?"

"నా సుత్తి పడకుండా ఆకు కూడా రాలదు. వెళ్లి నిశ్చింతగా బట్టలు కుట్టుకో, ఫో!"

ఆ మాట ఆమె నమ్మింది. తోడబుట్టినవాణ్ణి కాక ఎవరిని నమ్ముతుంది?

ముద్రలు వేసే రోజు ఎండ మండిపోతోంది. పైముద్రకు ఫరవాలేదు, నిలబడి కొట్టవచ్చు. కింది ముద్రకు మాత్రం వంగాలి. నాలుగు చెట్లు తిరిగేసరికే పాదుషా బొజ్జ అడ్డం తిరిగింది, మోకాళ్లు కలుక్కుమన్నాయి. కాంట్రాక్టరు మేస్త్రీ అది కనిపెట్టాడు.

"అయ్యో సార్, మీరు వంగడమేంటి! మీలాంటివాళ్లు కూర్చుని చూస్తే చాలు. ఇలా ఇవ్వండి, నేను కొట్టేస్తాను."

లంచం పుచ్చుకున్నా కొంత నయం, ఏదో ఆశకు లొంగాడనుకోవచ్చు. పాదుషాను కొనడానికి ఒక్క "సార్" సరిపోయింది. సుత్తి ఇచ్చేసి, కుర్చీ నీడలోకి జరిపించుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మేస్త్రీ కనిపించిన చెట్టుకల్లా రెండు ముద్రలూ వేసుకుంటూ కొండ దిగి, వాగు ఒంపుదాకా వెళ్లాడు. సాయంత్రం సుత్తి శుభ్రంగా తుడిచి రెండు చేతులతో అందించాడు. పాదుషాకు అదీ నచ్చింది.

కొన్నాళ్లకే రంపాలు గట్టు మీదికి వచ్చాయి. చెల్లెలు బయటికి వచ్చి చూస్తే ఎగువ గట్టంతా బోడి అయిపోయింది, తన ఐదు చెట్లకూ అన్న ముద్ర ఉంది. ఆమె ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. తిన్నగా రేంజరు దగ్గరికి వెళ్లి గొడవపెట్టింది. రేంజరు పని ఆపించి, పాదుషాను జీపులో వేసుకుని వచ్చాడు.

"ఈ ముద్రలు నువ్వేసినవేనా?"

ఒక్క "కాదు" చాలు. కొట్టుడు ఆగిపోతుంది, ఐదు చెట్లూ మిగులుతాయి. కాకపోతే సుత్తి ఎవరికిచ్చావని అడుగుతారు, ఉద్యోగానికే ఎసరు వస్తుంది. చెల్లెలు అతని మొహంలోకే చూస్తోంది. పాదుషా రేంజరు వైపు తిరిగాడు.

"నేనేసినవే సార్. ముప్పై మీటర్లు దాటే ఉన్నాయి."

కొలవమన్నాడు రేంజరు, జీపు దిగకుండానే. వాగు ఎండిపోయి, అవతలి గట్టు వారన సన్నటి పాయ మాత్రం పారుతోంది. పాదుషా టేపు కొసను ఇసకంతా దాటించి ఆ పాయ పక్కన పెట్టించాడు.

"ముప్పై రెండు సార్!"

"కొలవాల్సింది గట్టు నుంచి కదా!" చెల్లెలు అరిచింది. "వానాకాలంలో ఈ వాగు ఎక్కడిదాకా వస్తుందో నీకు తెలీదా అన్నయ్యా? చిన్నప్పుడు నాన్న నిన్ను ఇందులోంచే కదా జుట్టు పట్టుకుని లాగింది!"

"నీళ్లెక్కడుంటే వాగక్కడే," అన్నాడు పాదుషా, టేపు వంక చూస్తూ.

రేంజరుకు భోజనం వేళయింది. సరేనని వెళ్లిపోయాడు. మర్నాడు ఐదు చెట్లూ పడ్డాయి. మొద్దులన్నిటి మీదా ముద్రలు సరిగ్గా ఉన్నాయని ఆఫీసులో పాదుషాను మెచ్చుకున్నారు కూడా. సిగ్గులేనివాడు, ఆ మెప్పు మోసుకొచ్చి భార్యకు చెప్పాడు. ఆమె లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

మొదటి పెద్ద వానకే గట్టు జారింది. వంటగది సగం వాగులో పడింది, మిగిలిన గది గోడలు నెర్రెలు విచ్చాయి. ఇక ఆ ఇంట్లో పడుకునే ధైర్యం ఎవరికుంటుంది? వాన వెలిశాక పాదుషా గొడుగు ఊపుకుంటూ వచ్చేసరికి చెల్లెలు మిగిలిన సామాను తోపుడు బండి మీద సర్దుతోంది.

"వానకు ఎవరేం చేస్తారు చెల్లీ," అన్నాడు.

ఆమె కుట్టుమిషన్‌కు తాడు బిగించి, అప్పుడు తలెత్తింది.

"నీ సుత్తి ఆ మేస్త్రీ చేతిలో తిరిగిన సంగతి ఊరంతా చెప్పుకుంటోంది. అయినా నిన్ను దొంగని నేను ఎక్కడా అనలేదు, అనను కూడా. దొంగైతే చెట్టుదాకా నడుస్తాడు, వంగుతాడు, చెమటోడుస్తాడు. ఆపాటి కష్టం కూడా పడకుండా నా ఇల్లు కూల్చావు. దారికి అడ్డం లే, బండి పోవాలి."

పాదుషా పక్కకు జరిగాడు. చెల్లెలు అడిగిందని అతను చేసిన పని అదొక్కటే.